శుక్రవారం గడిలో సున్నా

ఆ గడిలో సున్నా రాసింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

మా కెమిస్ట్రీ బిల్డింగుకు యాభై ఏళ్లు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను ఎలక్ట్రీషియన్ని. ఏ గోడలో ఏ తీగ పోతోందో కళ్లు మూసుకుని చెప్పగలను. దాన్ని కూలగొట్టకుండా బాగుచేయించి, పచ్చ రేటింగు తెచ్చుకోవాలని యూనివర్సిటీ పైవాళ్లకు బుద్ధి పుట్టింది. కరెంటు ఆదాకు ఇన్ని మార్కులు, నీళ్ల ఆదాకు ఇన్ని, పాత గోడలు ఉంచితే ఇన్ని. అన్నీ కలిపి అరవై ఆరు దాటితే గోల్డు. గుమ్మం పక్కన ఇత్తడి పలక పెట్టుకోవచ్చు. మార్కులు రాకముందే పలక కోసం గోడకు నాలుగు కన్నాలు వేయించారు. ఆ కన్నాలు వేసిందీ నేనే.

పని నడిపినవాడు డాక్టర్ హిజ్రీ. మందుల డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆఫీసుకు సైకిలు మీద వస్తాడు. ఫొటోలు తీసే రోజుల్లో మాత్రం తప్పకుండా వస్తాడు.

ఒకరోజు నా బల్ల మీద దుప్పటంత కాగితం పరిచాడు. అడ్డంగా గంటలు, నిలువుగా రోజులు. ఏ రోజు ఏ గంటకు ఏ అంతస్తులో ఎంతమంది ఉంటారో గడుల్లో నింపాలి.

“ఈ బిల్డింగు సంగతి మీకంటే ఎవరికి తెలుసు దహారిగారూ,” అన్నాడు. “మీరు నింపి సంతకం పెట్టండి. కింద నేను పెడతాను.”

ముప్ఫై ఒక్క ఏళ్లలో నన్ను ఒక మాట అడిగిన పెద్దమనిషి అతనొక్కడే. ఉబ్బిపోయాను. అది కూడా చెప్పాలి.

ల్యాబుల బిల్డింగులో కరెంటు తినేది లైట్లు కాదు, గాలి. విషపు ఆవిర్లను బయటికి తోడే ఫ్యాన్లు పైకప్పు మీద ఉంటాయి. ఒక్కొక్కటి ఎడ్లబండి చక్రమంత. ఆవిర్లతోపాటు చల్లబరిచిన గాలిని కూడా అవి ఆకాశంలోకి పారబోస్తాయి. వాటిని ఎన్ని గంటలు తగ్గిస్తే అన్ని మార్కులు. మనుషులు లేని గంటల్లో కంప్యూటరే వాటిని నాలుగో వంతుకు దించేస్తుంది. మనుషులు లేని గంటలు ఏవో చెప్పేది నా కాగితం.

రాత్రులు దించాం. ఆదివారాలు దించాం. మార్కులు అరవై నాలుగు దగ్గర ఆగిపోయాయి. హిజ్రీ మొహం మాడిపోయింది.

అప్పుడు నేనే అన్నాను. “శుక్రవారం జుమ్మా నమాజు వేళ ఎవరుంటారు డాక్టరుగారూ? పన్నెండుంపావు నుంచి రెండుముప్పావు దాకా బిల్డింగంతా ఖాళీయేగా.”

అతను నా భుజం తట్టాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ మండే వేళ, చల్లమిషన్లు ఎక్కువ తినే వేళ. ఆ రెండున్నర గంటలు కలిసేసరికి లెక్క గీత దాటింది. అరవై ఏడు. శుక్రవారం వరసలో ఆ గంటల కింద అన్ని అంతస్తులకూ సున్నాలు చుట్టి సంతకం పెట్టాను. హిజ్రీ చూశాడు. డీన్ చూశాడు. భద్రతాధికారి చూశాడు. రాజధాని కౌలాలంపూర్ నుంచి వచ్చిన రేటింగు మనిషి చూశాడు. అందరూ తల ఊపారు. అందరూ మగవాళ్లే. ఆ వేళకు అందరూ మసీదులో ఉండేవాళ్లే. ఆ వేళలో ఆ బిల్డింగును మాలో ఎవ్వరూ చూడలేదు. చూడనిదాన్ని ఖాళీ అనుకున్నాం.

నా భార్య జమాలియా అదే బిల్డింగు మూడో అంతస్తులో పదకొండేళ్లు ల్యాబు అసిస్టెంటుగా చేసింది. పోయి నాలుగేళ్లయింది. కాలేయం చెడిపోయింది. తాగుడు అలవాటు ఉందా అని ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషిని పట్టుకుని. వాణ్ణి కొట్టబోయాను. ఆమె ఏం పని చేస్తుంది, ఏం పీలుస్తుంది అని వాడు తర్వాత అడిగాడు. ల్యాబులో పని అన్నాను. అంతకుమించి నాకు తెలియదు. పదకొండేళ్లంటే ఐదువందల పైచిలుకు శుక్రవారాలు. ఆ మధ్యాహ్నాలు ఆమె ఎక్కడ గడిపేదో ఒక్కసారీ అడగలేదు. సాయంత్రం నా బండి వెనక ఎక్కేది. ఇంటికి వెళ్లేవాళ్లం.

బాగుచేత ఎనిమిది నెలలు సాగింది. పాత కిటికీలకు గాజు పలకల రెక్కలుండేవి, పిడి తిప్పితే తెరుచుకునేవి. అవి పీకేసి తెరుచుకోని జంట అద్దాలు బిగించారు. చల్లదనం బయటికి పోకూడదట. దానికి మూడు మార్కులు. మూడో అంతస్తు చివర మందుల గది ఉంది, ల్యాబు రసాయనాలు దాచేది. కిటికీ లేని గది. దానికి ఇరవై నాలుగు గంటలూ తిరిగే చిన్న ఫ్యాను ఒకటి ఉండేది. అది తీసేసి గొట్టాన్ని పెద్ద ఫ్యాను గొట్టంలో కలిపారు. రెండు మోటార్ల బదులు ఒకటి. దానికీ మార్కులే. మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టారు. పది నిమిషాలు కదలిక లేకపోతే అవే ఆరిపోతాయి.

ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించినవాడు కోక్ సెంగ్. కాంట్రాక్టరు తరఫు మనిషి, చైనావాడు, నా ఈడువాడే. కంట్రోలు గది పక్క బిల్డింగులో ఉంది. ఫ్యాను దిగినప్పుడల్లా ల్యాబుల్లో గాలి చాలడం లేదని అలారాలు కుయ్యో మొర్రోమన్నాయి. ఖాళీ గంటల్లో వాటి నోరు కూడా నొక్కేయమని హిజ్రీ చెప్పాడు.

“ఎవరూ లేని చోట అలారం ఎవరికి చెప్తుందయ్యా, దయ్యాలకా,” అని కోక్ సెంగ్ నవ్వాడు. నేనూ నవ్వాను.

కొత్త పద్ధతి మొదలైన మొదటి శుక్రవారం ఉదయం నుంచీ వాన. మా ఊరు తైపింగ్‌లో వాన లేని శుక్రవారం ఉంటే చెప్పుకోవాలి. ఆ వారమంతా కరెంటు లెక్కను రేటింగు వాళ్లు కౌలాలంపూర్ నుంచి చూస్తూ ఉంటారని, ఒక్క మీట కూడా ఎవరూ ముట్టుకోకుండా హిజ్రీ కంప్యూటరుకు రహస్యపదం పెట్టి తాళం వేయించాడు.

ఒంటిగంటకు మసీదు గేటు దగ్గర బండి ఆపాను. గేటు బయట సోమక్క గొడుగు కింద అన్నం పొట్లాలు అమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా అదే గొడుగు.

“ఏం దహారీ, ఇవాళ గడ్డం గీశావు. మళ్లీ పెళ్లి చూపులా?” అంది.

“నీ కూర తిన్నాక బతికుంటే చూద్దాం.”

“నా కూర తినే నీ పెళ్లాం పదకొండేళ్లు నిలబడి పనిచేసింది. ప్రతి శుక్రవారం పన్నెండుంపావుకల్లా వచ్చి ఒక పొట్లం పట్టుకుపోయేది. ఇప్పుడు ఆమె చోట చేరిన పిల్ల వస్తోంది. సుహైలా. ఇందాకే, తడుచుకుంటూ వచ్చింది. గొడుగు కింద తినిపోవే అంటే వినదే. మూడింటికి లారీ వస్తుందట, డ్రమ్ము నింపాలట, పైకి పరిగెత్తింది.”

ఆ మాట చెవిన పడింది. బుర్రకెక్కలేదు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాను. హిజ్రీ నా ముందు వరసలో ఉన్నాడు. వెనక్కి తిరిగి నవ్వాడు. “చూశారా, యూనివర్సిటీ మొత్తం ఇక్కడే ఉంది,” అన్నాడు మెల్లగా. ఇమాం మెట్లెక్కాడు. ప్రసంగం మొదలైతే మాట్లాడకూడదు. పక్కవాణ్ణి మాట్లాడొద్దని చెప్పడం కూడా మాట్లాడటమే.

యూనివర్సిటీ మొత్తం ఇక్కడే ఉంది. నేను వరసలు చూశాను. టోపీలు, మెడలు, చొక్కాలు. డీన్ ఉన్నాడు. భద్రతాధికారి ఉన్నాడు. స్టోరు మనుషులు, తోటపని వాళ్లు, వాచ్‌మన్లు. మొత్తం ఇక్కడే ఉందన్న మాటలో ఏదో గుచ్చుకుంది. సోమక్క మాట అప్పుడు బుర్రకెక్కింది. పైకి పరిగెత్తింది. ఏ పైకి?

మూడో అంతస్తుకు.

డ్రమ్ము నింపాలి. వారమంతా పిల్లలు వాడి పారేసిన క్లోరోఫాం చిన్న సీసాల్లో పోగవుతుంది. శుక్రవారం మూడింటికి లారీ వచ్చి పెద్ద డ్రమ్ము పట్టుకుపోతుంది. సీసాల్లోది డ్రమ్ములోకి ఎవరో ఒకరు వంచాలి. ఆ పని మందుల గదిలో జరుగుతుంది. పిల్లలు తిరగని వేళ చూసుకుని చేస్తారు. పిల్లలు తిరగని వేళ ఏది? నేను సున్నా చుట్టిన వేళ.

కిటికీ లేని గది. చిన్న ఫ్యాను లేదు. పెద్ద ఫ్యాను నాలుగో వంతులో ఉంది. గొట్టం చివర ఉన్న గదికి నాలుగో వంతులో గాలి అందదు. అలారం నోరు నొక్కేశాం.

లేవాలి. ప్రసంగం మధ్యలో లేచి వెళ్లినవాణ్ణి నా జన్మలో చూడలేదు. ఒక క్షణం కూర్చున్నాను. సిగ్గుతో కూర్చున్నాను. ఆ క్షణం ఎంత పొడుగో ఇప్పటికీ కొలుస్తున్నాను. తర్వాత లేచాను. మోకాళ్లు దాటుకుంటూ, భుజాలు తోసుకుంటూ వెళ్లాను. ఎవరో నా చొక్కా అంచు పట్టుకు లాగారు. విదిలించుకున్నాను.

వరండాలో సుహైలాకు ఫోను చేశాను. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. కోక్ సెంగ్‌కు చేశాను.

“ఏంటి, మీ దేవుడు తొందరగా వదిలేశాడా?” అన్నాడు. నోట్లో నూడిల్స్ ఉన్నాయి.

“మూడో అంతస్తులో ఎవరున్నారో చూడు.”

“ఎవరూ లేరు. తెర మీద సున్నా.”

“మందుల గది?”

“సున్నా. లైటు కూడా ఆరిపోయి ఉంది. ఉండు...” నమలడం ఆగింది. “పన్నెండూ ఇరవై ఎనిమిదికి వెలిగింది. ఒంటిగంటా పన్నెండుకు ఆరింది. ఎవరో వచ్చి వెళ్లిపోయారు.”

“తలుపు తెరుచుకున్నట్టు ఉందా?”

“లోపలికి వచ్చినప్పుడు ఉంది.”

“బయటికి?”

కీబోర్డు టకటకలు వినిపించాయి.

“బయటికి వెళ్లినట్టు ఉందా కోక్ సెంగ్?”

“లేదు.”

“ఫ్యాను పూర్తిగా ఎత్తు.”

“తాళం వేశాడుగా మీ డాక్టరు. రహస్యపదం అతని దగ్గరే ఉంది. మూడుసార్లు తప్పు కొడితే మొత్తం ఆగిపోతుంది దహారీ.”

“అయితే అంబులెన్సుకు చెప్పి నువ్వు రా.”

బండి ఎక్కాను. మసీదు నుంచి కెమిస్ట్రీకి ఆరువందల గజాలు ఎత్తు రోడ్డు. వాన కళ్లల్లో కొడుతోంది. చెప్పులు మసీదు దగ్గరే ఉండిపోయాయి. గేరు మార్చినప్పుడు పాదం జారింది. లైటు ఒంటిగంటా పన్నెండుకు ఆరిందంటే ఆమె కదలడం ఒంటిగంటా రెండుకు ఆగింది. ఇప్పుడు ఒంటిగంటా ఇరవై ఆరు. ఇరవై నాలుగు నిమిషాలు. ఈ లెక్క నాకు అక్కర్లేదు. ఆగమన్నా అది ఆగలేదు.

బిల్డింగు గుమ్మం కార్డుతో తెరుచుకుంది. లోపల చీకటి. పగటిపూట అంత చీకటి ఆ బిల్డింగులో ఎప్పుడూ చూడలేదు. చప్పుడు కూడా లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బిల్డింగు ఊపిరి నాకు అలవాటు. ఫ్యాన్ల హోరు గోడల్లో ఉండేది. ఇప్పుడు గోడలు చచ్చిపోయినట్టున్నాయి. నేను అడుగు వేస్తే నెత్తిమీద ఒక లైటు వెలిగింది. ఇంకో అడుగుకు ఇంకొకటి. లిఫ్టు నిద్రపోతోంది. మెట్లెక్కాను. యాభై ఎనిమిదేళ్ల వాణ్ణి, రెండో అంతస్తు దగ్గర గుండె పక్కటెముకల్ని తన్నింది. ఆగలేదు.

మూడో అంతస్తు వరండా పొడుగ్గా ఉంటుంది. ఈ చివర ఫ్యాన్ల స్విచ్చుబోర్డు గది, ఆ చివర మందుల గది. నడుస్తుంటే ఒక్కో లైటూ నా ముందు వెలుగుతూ వెళ్లింది. మందుల గది తలుపుకు అరచెయ్యంత అద్దం ఉంది. అందులో నలుపు. తలుపు పక్క నేల మీద ఆమె చెప్పులు. పక్కన తిని మడిచిన అరిటాకు పొట్లం.

తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది, ఆ మందుల వల్ల ఏమేం చెడతాయో చెప్పే కాగితం. ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాని ముందు నుంచి తిరిగాను. కార్డు గీసి పచ్చదీపం కోసం ఆగిన ఆ ఒక్క క్షణంలో దాన్ని చదివాను. మత్తు. ఊపిరి ఆగడం. కాలేయం.

తలుపు తోశాను. తియ్యటి వాసన మొహాన కొట్టింది. నేను కదిలాను కాబట్టి లైటు వెలిగింది.

సుహైలా డ్రమ్ముకు వీపు ఆనించి కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలింది. మూతికి కట్టుకున్న గుడ్డ మెడలోకి జారింది. ఒళ్లో సీసా, మూత లేని సీసా, అందులోది ఆమె గౌను మీదుగా నేల మీదకు పాకింది. పెదవులు సీసం రంగులో ఉన్నాయి.

ఊపిరి బిగబట్టి వెళ్లాను. పరాయి ఆడమనిషిని ముట్టుకోవడం ఎలా అన్న ఆలోచన అప్పుడు కూడా వచ్చింది. ఆ ఆలోచనను ఇప్పటికీ క్షమించను. తెల్లకోటు కాలరు రెండు చేతులతో పట్టుకుని లాగాను. బరువుగా కదిలింది. గడప దగ్గర మడమ తట్టుకుంది. ఊపిరి వదిలేశాను, పీల్చాను. తల తిరిగింది. నేల కొంచెం పక్కకు ఒరిగింది. జమాలియా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. లాగాను.

వరండాలోకి తెచ్చి మందుల గది తలుపు మూశాను. అయినా వాసన ఆమె బట్టల్లోనే ఉంది. గాలి కావాలి. కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పిడి కోసం వెతికాను. ముప్ఫై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పిడి కోసం వెతికింది. పిడి లేదు. మంటలార్పే ఎర్ర సిలిండరు తీసి అద్దం మీద వేశాను. జంట అద్దం. మొదటి దెబ్బకు గీత కూడా పడలేదు. రెండో దెబ్బకు సాలెగూడులా చిట్లింది. మూడో దెబ్బకు బయటి వాన లోపలికి వచ్చింది. మూడు మార్కులు.

ఆమెను ఆ చిల్లు కిందకు లాగి కోటు విప్పి దూరంగా విసిరాను. చెవి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. వాన చప్పుడులో ఏమీ వినపడలేదు. చెంప మీద గాలి తగలాలి. తగల్లేదు. ఎంతసేపు తగల్లేదో చెప్పలేను. తర్వాత తగిలింది. చీమ నడిచినంత.

స్విచ్చుబోర్డు గది తాళం నా దగ్గరే ఉంది. మూడో అంతస్తు ఫ్యాను పెట్టెకు ఒక నల్ల తిప్పుడు మీట ఉంటుంది. మూడు గుర్తులు. కంప్యూటరు, ఆపు, చేతితో. కంప్యూటరు మీద ఉంది. చేతి వైపు తిప్పాను. అలా తిప్పితే ఏ రహస్యపదమూ అడగదు. పైకప్పు మీద ఫ్యాను దగ్గి, మూలిగి, హోరెత్తింది. గోడల్లోకి మళ్లీ ఊపిరి వచ్చింది.

కోక్ సెంగ్ మెట్ల మీద వగరుస్తూ వచ్చాడు. ఆమెను చూసి గోడకు చేరబడ్డాడు.

“తెర మీద సున్నా ఉంది దహారీ,” అన్నాడు. “ఇప్పటికీ నేను చూసింది సున్నాయే.”

అంబులెన్సు వచ్చేసరికి మసీదులో నమాజు అయిపోయింది.

సుహైలా మూడో రోజుకు మాట్లాడింది. ఆసుపత్రి మంచం పక్కన ఆమె అమ్మ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. నేను బత్తాయిలు తీసుకువెళ్లాను.

“తల బరువెక్కింది బాబాయ్,” అంది. గొంతు గీరుకుపోయింది. “ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నా. కూర్చున్నా. కళ్లు తెరిచే ఉన్నాయి. ఉన్నట్టుండి లైటు ఆరిపోయింది. చెయ్యి ఊపితే వెలుగుతుందిగా, ఊపుదామనుకున్నా. చెయ్యి రాలేదు. మనిషిని లోపల ఉండగానే లెక్కలోంచి తీసేసినట్టుంది బాబాయ్.”

నేను బత్తాయి తొక్క తీశాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

“జమాలియా శుక్రవారాలు ఆ వేళ ఏం చేసేది?” అని అడిగాను.

“నేనిప్పుడు చేసేదే. మెట్ల మీద కూర్చుని పొట్లం తినేది. డ్రమ్ము నింపేది. చేతులు కడుక్కుని బీరువా వెనక నమాజు చేసుకునేది. పిన్ని చాప ఇంకా అక్కడే ఉంది. మీకు తెలీదా?” ఆగి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. “వరండా కిటికీ రెక్కల మధ్య చెక్కముక్క దోపి ఉంచేది, మూసుకుపోకుండా. శుక్రవారం ఈ అంతస్తు మనదేనే అనేది. మగాళ్లెవరూ ఉండరు, హాయిగా తల ముసుగు తీసి పని చేసుకోవచ్చని.”

ఐదువందల శుక్రవారాలు. మంచి గాలి ఉన్న రోజుల్లోనే ఆమె కాలేయం పోయింది. ఆ గాలిని కూడా నేను సున్నా చేశాను.

సోమవారం హిజ్రీ గదిలో కూర్చున్నాం. అతను, నేను, భద్రతాధికారి.

“అమ్మాయి క్షేమంగా ఉంది, అల్హందులిల్లా,” అన్నాడు హిజ్రీ. “మీ సాహసం గురించి పైకి రాస్తాను. ఇప్పుడు ముఖ్యమైన విషయం. ఆమె నియమం తప్పింది.”

“ఏ నియమం?”

“ఖాళీ గంటల్లో బిల్డింగులో ఎవరూ ఉండకూడదు.”

“అది ఎప్పుడు పెట్టారు?”

భద్రతాధికారి గొంతు సవరించుకున్నాడు. “నోటీసు ఇవాళ అంటిస్తాం.”

“తేదీ?”

“పోయిన నెలది వేద్దామని.”

“లారీ మూడింటికి వస్తుంది. డ్రమ్ము ఎవరు నింపుతారు డాక్టరుగారూ?”

“పొద్దున నింపుకోమనండి.”

“పొద్దున ఎనభై మంది పిల్లలు ఆ వరండాలో తిరుగుతారు.”

“అది ల్యాబువాళ్ల తలనొప్పి.” అతను సొరుగులోంచి దుప్పటంత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. శుక్రవారం వరస మీద వేలు పెట్టాడు. “చూడండి దహారిగారూ. ఈ సున్నా మారిస్తే అరవై నాలుగు. గోల్డు లేదు, గ్రాంటు లేదు. అంతేనా? సున్నా తప్పని ఒప్పుకున్నట్టు. విచారణ వేస్తారు. ఇది ఎవరి చేతిరాత?”

“నాది.”

“మొదటి సంతకం?”

“నాది.”

“మీకు పెన్షను ఎన్ని నెలల్లో?”

“ఎనిమిది.”

“మీ మేలు కోరి చెప్తున్నా,” అన్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు. దానికే భయం వేసింది నాకు. దొంగ అయితే మొహంలో తెలుస్తుంది. ఇతని మొహంలో ఏమీ లేదు, మంచితనం తప్ప.

నేను మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది. పల్లెటూరి బడిలో ఆరేళ్లు చదివినవాణ్ణి, బల్లకు అవతల కూర్చున్నవాడి ముందు నోరు పెగలదు. పెన్షను కూడా గుర్తొచ్చింది. దాచను.

చేతులు మాత్రం పెగులుతాయి. ఆ సాయంత్రం మూడో అంతస్తు స్విచ్చుబోర్డు గదికి వెళ్లాను. కోక్ సెంగ్ మీటను మళ్లీ కంప్యూటరు వైపు తిప్పి ఉన్నాడు. తిప్పమన్నారు, తిప్పాడు. నేను చేతి వైపు తిప్పాను. మీట తలకాయ కింద చిన్న మర ఉంటుంది. అది విప్పి, తలకాయ ఊడబెరికి జేబులో వేసుకున్నాను. మిగిలిన కాడను రంపంతో అంచుదాకా కోసేశాను. ఇక దాన్ని పట్టకారుతో కూడా ఎవడూ తిప్పలేడు. అలాంటి పెట్టె ఇప్పుడు దొరకదు. పాతది ఉంచితే మార్కులని అదొక్కటీ మార్చకుండా ఉంచారు.

మర్నాడు కోక్ సెంగ్ ఫోను చేశాడు.

“మూడో ఫ్యాను నా మాట వినడం లేదు.”

“ముసలిదైపోయింది. చెవుడు.”

“ఎంతకాలం?”

“నువ్వు ఎవరికీ చెప్పనంతకాలం.”

“బిల్లు చెప్తుంది దహారీ. ఏడాది తిరిగేసరికి రేటింగువాళ్లు బిల్లులు అడుగుతారు.”

“అడగనీ. పలక ఊడబెరకడానికి ఎవణ్ణో పిలుచుకుంటారు. నేనుండను.”

“నా తెర మీద తిరుగుతున్నట్టు కనిపించకుండా చూస్తాలే,” అన్నాడు. ఫోను పెట్టేశాడు. దాన్ని మంచితనం అనను. ఆ రోజు ఆమెను చూసి గోడకు చేరబడినవాడు అలా అనకపోతేనే ఆశ్చర్యం.

సుహైలా నాలుగో వారం పనికి వచ్చింది. పన్నెండుంపావుకు పొట్లంతో మెట్లెక్కుతుంటే ఎదురెళ్లాను. కింద గుమ్మం తలుపు మీద నోటీసు ఉంది, పాత తేదీతో. ఆమె దాన్ని చదవకుండానే దాటింది. లారీ మూడింటికే వస్తుంది.

మీట తలకాయ ఆమె చేతిలో పెట్టాను.

“ఏంటిది బాబాయ్?”

“మూడో అంతస్తు ఫ్యాను. ఇక ఎవరూ దించలేరు. నేను వెళ్లిపోయాక ఎవడైనా కొత్త పెట్టె బిగించడానికి వస్తే నీకు తెలియాలి. అప్పుడు ఆ గదిలోకి వెళ్లకు.”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కోటు జేబులో వేసుకుంది. “హోరు వినపడకపోతే వెళ్లను,” అంది. మెట్టు మీద కూర్చుని పొట్లం విప్పింది.

ఇప్పుడు జుమ్మాకు వెనక వరసలో, గుమ్మం పక్కనే కూర్చుంటాను. ఫోను ఆపను. పెద్దలు గుర్రుగా చూస్తారు, చూడనీ. ఒంటిగంటన్నరకు అది జేబులో ఒకసారి వణుకుతుంది. సుహైలా పంపేది ఒక్క అంకె. ఒకటి. అది వచ్చేదాకా ఇమాం చెప్పేది నాకు వినపడదు.

పోయిన శుక్రవారం అది నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే నేను ఇద్దరి మోకాళ్లు దాటాను.